ఉమ్మడి సొత్తు – సొంత సొత్తు

విశాఖపట్నం సాగరతీరంలో నిలిచి తూర్పు దిక్కుగా దృష్టి సారిస్తే, రేవులో ప్రవేశించడానికి వేచి ఉన్న ఓడలు దూరదూరంగా లంగరు వేసుకొని కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గును ఆస్ట్రేలియా నుంచి మోసుకొని వచ్చి ఉండవచ్చు. మరొకటి బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని తీసుకొని పోవడానికి ఖాళీగా వచ్చి ఉండవచ్చు. ఏ రెండు ఓడలూ ఒక్కలాంటివి కావు. వాటి పేర్లు వేరు, పొడవులు వేరు, సరుకులు వేరు, అవి నీటిలో మునిగి ఉన్న లోతులు వేరు. అయినా వాటినన్నిటినీ మోస్తున్న సముద్రం ఒక్కటే. పోటు వచ్చినప్పుడు అన్నీ కలిసి పైకి లేస్తాయి. ఆటు వచ్చినప్పుడు అన్నీ కలిసి కిందికి దిగుతాయి.

ప్రతి ఓడకూ సొంతమైనవి కొన్ని, ఓడలన్నిటికీ ఉమ్మడి అయినవి కొన్ని. ఏది సొంతం, ఏది ఉమ్మడి అని వేరుచేసి తెలుసుకోవడం సులభమైన పనిగానే కనిపిస్తుంది. కాని కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు తరచుగా పొరపడే చోటు ఇదే. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిలో ఈ ఉమ్మడి సొత్తును ‘క్లాస్ వేరియబుల్’ అంటారు. దానిని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అనే విషయాన్ని మన రేవు, మన కర్మాగారాల ఆధారంగా ఈ పాఠంలో తెలుసుకుందాం.

తరగతి, వస్తువు

1960వ దశకంలో నార్వే దేశపు రాజధాని ఓస్లోలో ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ‘సిములా’ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. లోకంలో జరిగే వ్యవహారాలను కంప్యూటర్‌లో అనుకరించి చూడడం ఆ భాష లక్ష్యం. వరుసలలో వేచి ఉండేవారు, వారికి సేవ చేసేవారు, రాకపోకలు, ఆలస్యాలు వంటి వాటిని లెక్కలో పట్టుకోవడానికి వారు ఒక కొత్త మార్గం కనుగొన్నారు. ఒకే స్వభావం గల వాటికి ముందుగా ఒక నమూనా రాసుకోవాలి. ఆ నమూనాను అనుసరించి ఎన్ని రూపాలు కావాలంటే అన్ని తయారు చేసుకోవాలి. సిములా 67లో ఈ నమూనాకు ‘క్లాస్’ అని, దాని నుంచి ఏర్పడిన రూపానికి ‘ఆబ్జెక్ట్’ అని పేర్లు స్థిరపడ్డాయి. ఈ కృషికి వారిద్దరికీ కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 2001 సంవత్సరానికి లభించింది. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్ భాషలు ఈ భావననే ఆధారం చేసుకొన్నాయి.

క్లాస్‌ను మనం తరగతి అనీ, ఆబ్జెక్ట్‌ను వస్తువు అనీ చెప్పుకోవచ్చు. గణితంలో చలరాశి అనే మాట విద్యార్థులకు పరిచితమే. విలువ మారగలిగే రాశి చలరాశి. ప్రోగ్రాములో వేరియబుల్ అన్నా ఇంచుమించు అదే అర్థం. అది ఒక విలువను దాచి ఉంచే పేరు.

రేవుకు వచ్చే ఓడల వివరాలను చూసే ప్రోగ్రామును మనం రాస్తున్నామని భావిద్దాం. అందులో ‘ఓడ’ అనేది తరగతి. 1933 అక్టోబరు 7వ తేదీన విశాఖ రేవులోకి తొలిసారిగా ప్రవేశించిన ‘జలదుర్గ’ ఆ తరగతికి చెందిన ఒక వస్తువు. ఈ రోజు లంగరు వేసిన ప్రతి ఓడా మరొక వస్తువు.

రెండు రకాల చలరాశులు

ఓడ అనే తరగతిలో మనం దాచుకోవలసిన విలువలు రెండు రకాలు.

మొదటి రకం ప్రతి వస్తువుకూ విడివిడిగా ఉండేవి. వీటిని ‘ఇన్‌స్టెన్స్ వేరియబుల్స్’ అంటారు. అంతర్జాతీయ నౌకావ్యవహారాలలో ప్రతి పెద్ద ఓడకూ ఏడు అంకెల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. ఓడ పేరు మారినా, యజమాని మారినా, జెండా మారినా ఆ సంఖ్య మారదు. మరొక ఓడకు అది రాదు. అదేవిధంగా ఓడ నీటిలో మునిగి ఉండే లోతును డ్రాఫ్టు అంటారు. బొగ్గు నింపుకొన్న ఓడ డ్రాఫ్టు ఎక్కువ, ఖాళీ ఓడ డ్రాఫ్టు తక్కువ. ఇవి సొంత సొత్తు.

రెండవ రకం తరగతికంతటికీ కలిపి ఒక్కటే ఉండేవి. ఇవే క్లాస్ వేరియబుల్స్. వీటి విలువ వస్తువులలో కాక తరగతిలోనే ఉంటుంది. ముప్పై ఓడలున్నా దాని ప్రతి ఒక్కటే. ఏ ఓడ ద్వారా చదివినా అదే విలువ కనిపిస్తుంది. జావా, సి ప్లస్ ప్లస్ భాషలలో ‘స్టాటిక్’ అనే మాటను చేర్చి దీనిని ప్రకటిస్తారు. పైథాన్‌లో తరగతి శరీరంలో నేరుగా రాసిన విలువ క్లాస్ వేరియబుల్ అవుతుంది. ‘సెల్ఫ్’ అనే మాటతో వస్తువుకు అంటించిన విలువ ఇన్‌స్టెన్స్ వేరియబుల్ అవుతుంది.

మన ప్రోగ్రాము చట్రాన్ని తెలుగులో రాసుకుంటే ఈ విధంగా ఉంటుంది:

తరగతి: ఓడ
ఉమ్మడి విలువలు: పోటుమట్టం, నమోదైన ఓడల సంఖ్య
సొంత విలువలు: పేరు, గుర్తింపు సంఖ్య, డ్రాఫ్టు, సరుకుల జాబితా

పోటుమట్టం చెప్పే పాఠం

సముద్రపు లోతులను చూపే పటంలో ఒక్కొక్క చోట ఎంత లోతు ఉన్నదీ గుర్తించి ఉంటుంది. ఆ లోతును నీరు బాగా తగ్గినప్పటి మట్టం నుంచి కొలుస్తారు. దానిపైన ఆ సమయానికి ఎంత నీరు పెరిగి ఉన్నదో అది పోటుమట్టం. ఈ రెంటినీ కలిపితే అసలు లోతు వస్తుంది. దాని నుంచి ఓడ డ్రాఫ్టును తీసివేస్తే ఓడ అడుగుకూ సముద్రపు అడుగుకూ మధ్య మిగిలే ఎడం తెలుస్తుంది. ఈ ఎడం చాలినంత ఉంటేనే ఓడను లోపలికి తీసుకొని రావాలి. విశాఖ తీరంలో ఆటుపోట్ల మధ్య తేడా అంత ఎక్కువ కాదు. పెద్ద పోట్ల దినాలలో కూడా అది సుమారు ఒకటిన్నర మీటర్లే. అయితే నిండు బరువుతో వచ్చే ఓడకు అర మీటరు కూడా విలువైనదే.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. పటంలో చూపిన లోతు 12 మీటర్లు. ఓడ డ్రాఫ్టు 11.5 మీటర్లు. ఉండవలసిన ఎడం 1 మీటరు. పోటుమట్టం 1.2 మీటర్లు ఉన్నప్పుడు అసలు లోతు 13.2 మీటర్లు. ఎడం 1.7 మీటర్లు మిగులుతుంది. ఓడ రావచ్చు. పోటుమట్టం 0.4 మీటర్లకు తగ్గినప్పుడు అసలు లోతు 12.4 మీటర్లు. ఎడం 0.9 మీటర్లే మిగులుతుంది. ఓడ ఆగాలి.

ఇప్పుడు ప్రోగ్రాము రాసిన వ్యక్తి పోటుమట్టాన్ని ఉమ్మడి విలువగా కాక ప్రతి ఓడకూ సొంత విలువగా రాశాడనుకుందాం. ముప్పై ఓడలుంటే ముప్పై పోటుమట్టాలు ఉంటాయి. నీరు తగ్గినప్పుడు ముప్పై చోట్ల విలువ మార్చాలి. ఇరవైతొమ్మిది మార్చి ఒకటి మరచిపోతే, ఆ ఒక్క ఓడ లెక్కలో పాత 1.2 మీటర్లే నిలిచిపోతుంది. ఎడం 1.7 మీటర్లు ఉన్నదని తెర చూపుతుంది. నిజంగా ఉన్నది 0.9 మీటర్లు. అంకగణితం తప్పలేదు, సూత్రం తప్పలేదు. విలువను ఉంచిన చోటు మాత్రమే తప్పింది.

దీని నుంచి మనం గ్రహించవలసిన నియమం ఒకటి ఉంది. ఒక విలువ మారినప్పుడు అది అందరికీ, అదే క్షణంలో, ఒకేవిధంగా మారవలసి ఉంటే అది ఉమ్మడి సొత్తు. ఒకరికి మారి మరొకరికి మారకుండా ఉండే అవకాశం కొంచెమైనా ఉంటే అది సొంత సొత్తు. క్లాస్ వేరియబుల్ వాడాలా, వద్దా అనే సందేహం కలిగిన ప్రతిసారీ ఈ ప్రశ్న వేసుకోవాలి.

కొలుములు, హీట్ సంఖ్యలు

రేవు నుంచి ఉక్కు కర్మాగారానికి వెళ్దాం. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో సాగిన ఉద్యమ ఫలితంగా వెలసిన ఈ కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1వ తేదీన నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు దీనిని జాతికి అంకితం చేశారు. ఇక్కడి మూడు బ్లాస్ట్ కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చక్కని పేర్లు పెట్టారు. గోదావరి 1990లో, కృష్ణ 1992లో, అన్నపూర్ణ 2012లో పని ప్రారంభించాయి. మొదటి రెండు కొలుములను 3200 ఘనపు మీటర్ల పరిమాణంతోనూ, మూడవదానిని 3800 ఘనపు మీటర్ల పరిమాణంతోనూ నిర్మించారు. తరువాత జరిగిన ఆధునికీకరణలో పాత కొలుముల పరిమాణాన్ని కూడా పెంచారు.

‘కొలిమి’ అనే తరగతిని రాస్తే పేరు, ప్రారంభ సంవత్సరం, పరిమాణం మూడూ సొంత విలువలే. గోదావరిని విస్తరించిన రోజున కృష్ణ పరిమాణం దానంతట అది పెరగలేదు కదా! మొదట రెండింటికీ 3200 అనే ఒకే అంకె ఉన్నదని చూసి, దానిని ఉమ్మడి విలువగా రాసి ఉంటే, ఒక దానిని మార్చినప్పుడు రెండోది కూడా మారిపోయేది. విలువలు సమానంగా ఉండడం వేరు, విలువ ఒక్కటే కావడం వేరు. ఇద్దరు విద్యార్థులకు పరీక్షలో 60 మార్కులే రావచ్చు. అంతమాత్రాన వారిద్దరిదీ ఒకే జవాబుపత్రం కాదు.

మరి కొలిమి తరగతిలో ఉమ్మడిగా ఉండదగినవి ఏవి? మొదటిది మారని శాస్త్రీయ విలువ. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. గోదావరికి ఒక అంకె, అన్నపూర్ణకు ఒక అంకె ఉండదు. ఇటువంటి స్థిరరాశులను తరగతిలో ఒక్కచోట రాసి, ఎవరూ మార్చకుండా కట్టుదిట్టం చేయడం మంచి పద్ధతి. రెండవది కొలుముల సంఖ్య. ‘మీరెందరు?’ అన్న ప్రశ్నకు ఏ ఒక్క కొలిమీ జవాబు చెప్పలేదు. ఆ విలువ తరగతికి చెందినది. కొత్త వస్తువు ఏర్పడిన ప్రతిసారీ దానికి ఒకటి కలపాలి.

మూడవ ఉదాహరణ ఉక్కు తయారయ్యే చోట కనిపిస్తుంది. ఒక విడతలో తయారైన ద్రవపు ఉక్కును ‘హీట్’ అంటారు. ప్రతి హీట్‌కూ ఒక సంఖ్య ఇస్తారు. ఆ హీట్‌లో కర్బనం ఎంత, గంధకం ఎంత అనే పరీక్షా ఫలితాలను ఆ సంఖ్య కిందనే నమోదు చేస్తారు. తరువాత ఆ ఉక్కుతో చేసిన దిమ్మెలలో లోపం కనిపించినప్పుడు, అది ఏ విడతలో తయారైనదో ఆ సంఖ్య ఆధారంగానే గుర్తించగలుగుతారు. ‘హీట్’ తరగతిలో ‘ఇవ్వవలసిన తరువాతి సంఖ్య’ క్లాస్ వేరియబుల్‌గా ఉంటుంది. కొత్త హీట్ ఏర్పడగానే దాని నుంచి ఒక సంఖ్యను తీసుకొని తన సొంత విలువగా దాచుకుంటుంది. వెంటనే ఉమ్మడి విలువ ఒకటి పెరుగుతుంది. ఇచ్చే చేయి ఉమ్మడిది, పుచ్చుకొన్న సంఖ్య సొంతది. రెండూ కలిసి పనిచేసే తీరుకు ఇది మంచి నిదర్శనం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. క్లాస్ వేరియబుల్ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపే బతుకుతుంది. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైతే లెక్క మొదటికి వస్తుంది. పాత సంఖ్యలే కొత్త హీట్లకు వచ్చే ప్రమాదం ఉంది. కనుక శాశ్వతంగా నిలవవలసిన లెక్కను డేటాబేస్‌లో భద్రపరచాలి. రెండవది, ప్రోగ్రాములోని రెండు భాగాలు ఒకే సమయంలో ఆ సంఖ్యను చదివితే రెండు హీట్లకూ ఒకే సంఖ్య రావచ్చు. ఒక రిజిస్టరులో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి రాయబోతే జరిగే గందరగోళం వంటిదే ఇది. ఒకరు రాసి ముగించేవరకు మరొకరు ఆగే ఏర్పాటు ఉండాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

మొదటి పొరపాటు పైథాన్ భాషలో ఎక్కువగా కనిపిస్తుంది. ఉమ్మడి విలువను ఓడ ద్వారా చదవవచ్చు. కాని ఓడ ద్వారా దానికి కొత్త విలువను కేటాయిస్తే ఉమ్మడి విలువ మారదు. ఆ ఓడకు మాత్రమే అదే పేరుతో ఒక సొంత విలువ పుడుతుంది. అది ఉమ్మడి విలువను కప్పివేస్తుంది. పోటుమట్టం 1.2 అని ఒక ఓడ ద్వారా రాశారనుకుందాం. తరువాత నీరు తగ్గి, తరగతిలో 0.4 అని సరిదిద్దినా ఆ ఓడ 1.2 అనే చూపిస్తూ ఉంటుంది. ఇంతకుముందు మనం చూసిన ప్రమాదమే మరొక దారిలో తిరిగి వచ్చింది. అందువల్ల ఉమ్మడి విలువను మార్చేటప్పుడు తరగతి పేరుతోనే మార్చాలి. జావాలో ఓడ ద్వారా రాసినా మారేది ఉమ్మడి విలువే. అక్కడ కూడా తరగతి పేరుతో రాస్తేనే చదివేవారికి విషయం స్పష్టమవుతుంది.

రెండవ పొరపాటు దీనికి వ్యతిరేకమైనది. సరుకుల జాబితాను ఖాళీగా తరగతి శరీరంలో రాసి, తరువాత ప్రతి ఓడా తన సరుకును అందులో చేరుస్తుందని కొందరు భావిస్తారు. ఖాళీ జాబితా ఒక్కటే కనుక అన్ని ఓడలూ అందులోనే చేరుస్తాయి. బొగ్గు ఓడ వివరాలు అడిగితే బొగ్గుతోపాటు పక్క ఓడలోని ఎరువులు కూడా కనిపిస్తాయి. ఇక్కడ కొత్త విలువను కేటాయించడం లేదు, ఉన్న జాబితాకే కలుపుతున్నారు. అందువల్ల సొంత ప్రతి ఏర్పడదు. పరీక్ష కోసం ఒక్క ఓడతో నడిపి చూసినప్పుడు ప్రోగ్రాము సక్రమంగానే పనిచేస్తుంది. రెండవ ఓడ వచ్చినప్పుడే తప్పు బయటపడుతుంది. కాబట్టి క్లాస్‌ను పరీక్షించేటప్పుడు కనీసం రెండు వస్తువులతో పరీక్షించడం అలవాటు చేసుకోవాలి.

‘అందరూ’ అంటే ఎవరు?

ఇంతవరకు పోటుమట్టాన్ని ఓడ తరగతికి ఉమ్మడి విలువగా భావించాం. ఇప్పుడు దానినే మరొకసారి పరిశీలిద్దాం. మన ప్రోగ్రాము విశాఖకు మాత్రమే పరిమితమైనంత కాలం అది సరిపోతుంది. రేపు గుజరాత్ తీరంలోని రేవులను కూడా ఇందులో చేర్చారనుకుందాం. ఖంబాత్ సింధుశాఖలో ఆటుపోట్లు దేశంలోనే అత్యధికం. అక్కడ నీరు అనేక మీటర్లు లేచి పడుతుంది. అక్కడి ఓడకూ ఇక్కడి ఓడకూ ఒకే పోటుమట్టం ఎలా సరిపోతుంది? ‘ఓడలన్నీ’ అని మనం అనుకొన్నది నిజానికి ‘ఈ రేవులోని ఓడలన్నీ’ మాత్రమే.

లోపం ఎక్కడున్నదో ఇప్పుడు తెలుస్తుంది. పోటుమట్టం ఓడకు చెందినది కాదు, రేవుకు చెందినది. ‘రేవు’ అనే మరొక తరగతిని రాసి, ప్రతి రేవుకూ పోటుమట్టాన్ని సొంత విలువగా ఉంచాలి. ప్రతి ఓడా తాను ఏ రేవులో ఉన్నదో గుర్తుంచుకోవాలి. లోతు లెక్క కట్టేటప్పుడు ఆ రేవును అడిగి పోటుమట్టాన్ని తెలుసుకోవాలి. అప్పుడు విశాఖలోని ముప్పై ఓడలకూ విలువ ఒక్కచోటే ఉంటుంది. గుజరాత్ ఓడలకు ఆ రేవు విలువ వేరుగా ఉంటుంది. పంచుకొనే గుణం పోలేదు, సరైన యజమాని దొరికాడు.

అందువల్ల ఒక విలువను ఉమ్మడి చేసే ముందు మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి: ఇది నిజంగా ఈ తరగతిదేనా, లేక మనం ఇంకా పేరు పెట్టని మరొక వస్తువుదా? నేడు ఒకే ఒకటి ఉన్నది రేపు రెండు కావచ్చు. రేవు రెండు కావచ్చు, కర్మాగారం రెండు కావచ్చు. ఇనుము కరిగే ఉష్ణోగ్రత మాత్రం ఏ ఊరికి పోయినా మారదు.

ముగింపు

క్లాస్ వేరియబుల్ వాడదగిన సందర్భాలు స్వల్పమే. అందరికీ ఒకటిగా ఉండే స్థిరరాశులు, వస్తువుల లెక్క, వరుస సంఖ్యలు, అందరికీ ఒకేసారి మారవలసిన విలువలు వాటిలో ముఖ్యమైనవి. విలువలు ప్రస్తుతానికి సమానంగా ఉన్నాయన్న కారణంగానో, ఒక్కచోట రాస్తే శ్రమ తగ్గుతుందన్న ఆలోచనతోనో సొంత సొత్తును ఉమ్మడి చేయకూడదు. అలాగే ఉమ్మడిగా ఉండవలసిన దానిని ముక్కలు చేసి అందరికీ పంచిపెట్టకూడదు.

ఉమ్మడి కుటుంబాలలో పెరిగిన పెద్దలకు ఈ వివేకం కొత్తది కాదు. ఇంటి బావి అందరిదీ, ఎవరి కంచం వారిది. బావి నీరు చెడితే అందరికీ చెడుతుంది. కనుక దానిని అందరూ కాపాడాలి. ప్రోగ్రాములోనూ అంతే. ఉమ్మడి విలువను ఎక్కడి నుంచి మార్చినా దాని ప్రభావం అన్ని వస్తువులపైనా పడుతుంది. అందుచేత దానిని తక్కువగా, జాగ్రత్తగా, కారణం తెలిసి వాడాలి. రేవులో ఓడను నడిపించేవారు తెర మీది అంకెను నమ్మి ముందుకు సాగుతారు. ఆ అంకె సరైన చోట ఉన్నదా లేదా చూడవలసిన బాధ్యత ప్రోగ్రాము రాసినవారిదే.

ప్రశ్నలు

1. ఒక విలువ ఉమ్మడి సొత్తా, సొంత సొత్తా అని నిర్ణయించడానికి వేసుకోవలసిన ప్రశ్నలు ఏవి?
2. విలువలు సమానంగా ఉండడానికీ, విలువ ఒక్కటే కావడానికీ గల భేదాన్ని కొలుముల ఉదాహరణతో వివరించండి.
3. పోటుమట్టాన్ని ఓడ తరగతి నుంచి రేవు తరగతికి మార్చవలసిన అవసరం ఎందుకు కలిగింది?
4. మీ కళాశాల గ్రంథాలయానికి ‘పుస్తకం’ అనే తరగతిని రాయవలసి వస్తే, అందులో ఏ విలువలను ఉమ్మడిగా, ఏ విలువలను సొంతంగా ఉంచుతారు? కారణాలు రాయండి.